బడిలో గ్రంథాలయం, గ్రంథాలయంలో గురువు



చదువు కోసం ఇచ్చే చేతులకు మన సమాజంలో కొరత లేదు. ఏటా జూన్ వచ్చిందంటే నోటు పుస్తకాలు, యూనిఫారాలు, బ్యాగులు పంచుతాం. ఫీజు కట్టలేని పిల్లల ఫీజు కడతాం. కొందరు దాతలు బడులకు కథల పుస్తకాలు, వాటిని పెట్టుకోవడానికి బీరువాలు కూడా కొని ఇస్తున్నారు. ఇవన్నీ మంచి పనులే. అయితే మనమిచ్చిన పుస్తకం పిల్లల చేతికి చేరుతోందా? చేరినా వాళ్లు దాన్ని చదవగలుగుతున్నారా? దానం ఫలించిందో లేదో తేల్చేవి ఈ రెండు ప్రశ్నలే.

అఫ్జల్‌గంజ్ నేర్పే పాఠం

నయాపూల్ దాటగానే మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం మనందరికీ తెలిసిందే. పెద్దలు దాన్ని ఇప్పటికీ ఆసఫియా కుతుబ్‌ఖానా అంటారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1891లో, సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ చొరవతో అది మొదలైంది. ఇప్పుడున్న భవనంలోకి 1936లో వచ్చింది. ఉర్దూ, పారశీ, అరబీ, తెలుగు, ఇంగ్లీషు పుస్తకాలు అక్కడ లక్షల్లో ఉన్నాయి. తెలుగువారు కూడా ఇదే నగరంలో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయాన్ని స్థాపించుకున్నారు. అంటే పుస్తకం కోసం ఖర్చు పెట్టడం ఈ ఊరికి కొత్త కాదు.

లక్షల పుస్తకాల్లో అడిగిన పుస్తకం ఎలా దొరుకుతుంది? ప్రతి పుస్తకానికీ ఒక సంఖ్య, ఒక చోటు ఉంటాయి. అది తెలిసిన మనిషి అక్కడ ఉంటాడు. ఆ మనిషిని తీసేస్తే అంత పెద్ద భవనమూ గోదాం అవుతుంది. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో మొదటిది ఇదే: పుస్తకం ఉన్నది వాడుకోవడానికి, దాచిపెట్టడానికి కాదు.

ఆసఫియా ఎంత గొప్పదైనా, హుసైనీ ఆలంలోనో, తాలాబ్‌కట్టలోనో నాలుగో తరగతి చదివే అమ్మాయి ఒంటరిగా వంతెన దాటి అక్కడికి వెళ్లలేదు. ఆమెకు అందే గ్రంథాలయం ఆమె బడిలోనే ఉండాలి.

చట్టంలో గ్రంథాలయం ఉంది, మనిషి లేడు

2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలని, అందులో వార్తాపత్రికలు, మ్యాగజైన్లు, అన్ని సబ్జెక్టుల పుస్తకాలు, కథల పుస్తకాలు ఉండాలని ఆ చట్టం షెడ్యూలు చెబుతోంది. అదే షెడ్యూలులో ఎంతమంది పిల్లలకు ఎంతమంది టీచర్లు ఉండాలో లెక్క ఉంది. లైబ్రేరియన్ మాట మాత్రం లేదు. 2018లో వచ్చిన సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ బడులకు స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటు ఇచ్చే ఏర్పాటు ఉంది. అది పుస్తకాలకే సరిపోతుంది. కేంద్రీయ విద్యాలయాల్లో, గురుకులాల్లో లైబ్రేరియన్ పోస్టులు ఉన్నాయి. గల్లీలోని చిన్న బడికి ఆ అదృష్టం లేదు.

లెక్కల టీచరుకో, హెడ్మాస్టరుకో బీరువా తాళం అప్పగిస్తారు. పుస్తకం పోతే జవాబు చెప్పాల్సింది తానే కాబట్టి ఆయన తాళం తీయడు. అందులో ఆయన తప్పు వెతకడం న్యాయం కాదు. పోయిన పుస్తకానికి లెక్క అడిగేవాళ్లే గానీ, ఎన్ని పుస్తకాలు పిల్లల ఇళ్లకు వెళ్లొచ్చాయని అడిగేవాళ్లు లేరు.

టీచర్ లైబ్రేరియన్ చేసే పని

ఆస్ట్రేలియా వంటి దేశాల్లో టీచర్ లైబ్రేరియన్ అంటే రెండు చదువులూ చదివిన మనిషి: పాఠం చెప్పడమూ వచ్చు, గ్రంథాలయం నడపడమూ వచ్చు. పాఠశాల గ్రంథాలయాలపై యునెస్కో 1999లో ఆమోదించిన ప్రకటన కూడా లైబ్రేరియన్, టీచర్లు కలిసి పనిచేస్తే పిల్లల చదువు మెరుగుపడుతుందని చెప్పింది.

ఆ పని మన బడిలో ఇలా ఉంటుంది. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ రిజిస్టరులో ఎక్కించి నంబరు వేయాలి. తరగతిని బట్టి కాకుండా పిల్లలు చదవగలిగే స్థాయిని బట్టి పుస్తకాలకు రంగు చీటీలు అంటించాలి. ఏడో తరగతి చదువుతూ రెండో తరగతి స్థాయిలో ఆగిపోయిన పిల్లవాడు సిగ్గుపడకుండా తనకు తగిన పుస్తకం తీసుకోవాలి కదా! ప్రతి తరగతికీ వారానికి ఒక లైబ్రరీ పీరియడ్ పెట్టి, చిన్నపిల్లలకు కథ పైకి చదివి వినిపించాలి. ప్రతి పిల్లవాడి పేరుతో ఒక కార్డు పెట్టి, ఏం తీసుకున్నాడో, ఎక్కడ ఆపేశాడో చూసుకోవాలి. సైన్సు టీచరు గ్రహణం పాఠం మొదలుపెట్టే వారంలోనే గ్రహణం మీద ఉన్న పుస్తకాలు ఆ తరగతికి పంపాలి. ఫోనులో కనబడిన మాటను నమ్మేముందు మరో చోట సరిచూసుకోవడం పెద్ద పిల్లలకు నేర్పాలి.

ఆఖరి పీరియడ్ అయ్యాక మిగిలిన పది నిమిషాల్లో చేసే పనులు కావివి. వీటికి రోజులో కేటాయించిన సమయం కావాలి, నేర్చుకున్న మనిషి కావాలి.

మూడు భాషల మధ్య మన పిల్లలు

పాతబస్తీ పిల్లలకు ఈ అవసరం ఇంకా ఎక్కువ. ఇంట్లో దక్కనీ మాట్లాడతారు. బడిలో ఇంగ్లీషు మీడియం. 2018 చట్టం ప్రకారం తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి. చాలామంది పిల్లలకు తెలుగు కనబడేది ఒక్క పాఠ్యపుస్తకంలోనే. దాన్ని పరీక్ష కోసం బట్టీ పడతారు, తరువాత మరిచిపోతారు. రేపు ఉద్యోగానికి, కార్యాలయానికి, కోర్టుకు వెళ్లినప్పుడు ఆ లోటు బయటపడుతుంది. ఇక ఉర్దూ మాట్లాడుతూ కూడా ఉర్దూ లిపి చదవలేని పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు.

ఒకే కథ మూడు భాషల్లో పక్కపక్కన ఉంటే పిల్లలు తెలిసిన భాష నుంచి తెలియని భాషలోకి నడిచి వెళ్తారు. అలాంటి పుస్తకాలు దొరుకుతున్నాయి. ప్రథమ్ బుక్స్ కథలు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో ఉన్నాయి. ‘మంచి పుస్తకం’ వారి తెలుగు పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. జాతీయ ఉర్దూ మండలి ‘బచ్చోం కీ దునియా’ మాసపత్రిక వేస్తోంది. ఏ పిల్లవాడికి ఏది, ఏ క్రమంలో ఇవ్వాలో తెలిసిన మనిషే కావాలి.

దాతలు చేయదగినవి

1. పుస్తకాలకు ఇచ్చే ప్రతిసారీ వాటిని నడిపే మనిషికి కూడా కొంత సొమ్ము కేటాయించండి. ఒక్క బడి ఒక లైబ్రేరియన్‌ను భరించలేకపోతే, దగ్గరలోని మూడు బడులు వారానికి రెండేసి రోజుల చొప్పున ఒకరినే పంచుకోవచ్చు.

2. ఆసక్తి ఉన్న టీచరును గ్రంథాలయ శాస్త్రం చదివించండి. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఆ డిగ్రీ దూరవిద్యలో ఉంది. ఉద్యోగం మానకుండానే చదువుకోవచ్చు. మన గల్లీల్లో డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలకు ఇది గౌరవమైన ఉపాధి కూడా.

3. పోయిన, చిరిగిన పుస్తకాలకు టీచరు జేబులోంచి వసూలు చేయబోమని బడికి రాతపూర్వకంగా చెప్పండి. ఏటా కొన్ని పుస్తకాలు పోవడం గ్రంథాలయం పనిచేస్తోందనడానికి గుర్తు.

4. సంవత్సరాంతంలో ఎన్ని పుస్తకాలు ఉన్నాయని కాదు, ఎన్నిసార్లు ఇళ్లకు వెళ్లాయని అడగండి.

5. ఈ ఖర్చుల్లో దేనికి జకాత్ వర్తిస్తుందో, దేనికి సదఖా మాత్రమే వాడాలో ఉలమాలను ముందే అడిగి, పద్దులు వేరుగా రాయించండి.

బావి తవ్వించడం సదఖయె జారియా అని మనకు తెలుసు. బావికి చేద, తాడు లేకపోతే దాహంతో వచ్చినవాడు నీళ్లను చూసి వెనుదిరగాలి. బడిలోని పుస్తకాలు ఆ నీళ్లయితే, టీచర్ లైబ్రేరియన్ ఆ చేద, తాడు. వచ్చే సంవత్సరం మన సహాయంలో ఆ మనిషికి కూడా చోటు కల్పిద్దాం. అల్లాహ్ మన ప్రయత్నాన్ని స్వీకరించుగాక. ఆమీన్.