ఓమ్నీ వెనక యాక్సిల్: మొత్తం మార్చాలా?

ప్రశ్న: మా పాత మారుతి ఓమ్నీ వెనక నుంచి రొద వస్తోంది. కుడి డ్రమ్ములో ఆయిల్ కారుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో పాత యాక్సిల్ దొరుకుతుందట. తెచ్చి వేయించమంటారా? – ఒక పాఠకుడు, గురజాల

జవాబు: తొందరపడకండి, ముందు జబ్బు తేల్చుకోండి. మారుతి 800ని ముందు చక్రాలు లాగుతాయి. ఓమ్నీని వెనక చక్రాలు నెడతాయి. అందుకే దీని వెనక యాక్సిల్‌లో డిఫరెన్షియల్, రెండు షాఫ్టులు ఉంటాయి.

చక్రం లేపి తిప్పితే గరగరమంటే బేరింగ్ పోయినట్టే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు రొద మారితే డిఫరెన్షియల్ గేర్లను అనుమానించాలి. కారేది చిక్కటి, ఘాటు వాసన గేర్ ఆయిలైతే సీల్ పోయింది. పలచటి బ్రేక్ ఆయిలైతే వీల్ సిలిండర్ చూడాలి. ఏదైనా సరే, తడిసిన బ్రేక్ షూలతో మాచర్ల రోడ్డెక్కకండి. ప్రాణాలతో పని.

బేరింగ్, సీల్ మాత్రమే అయితే కొత్తవి వేయించండి. బేరింగును, దాని రింగును ప్రెస్సు మీదే ఎక్కించాలి, సుత్తితో కొట్టనీయకండి.

యాక్సిల్ మార్చక తప్పకపోతే, రెండింటి డిఫరెన్షియల్ గేర్ల నిష్పత్తి ఒకటేనా అని సరిచూడండి. ముందు చక్రాలకు దిమ్మెలు పెట్టి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, ఒక వెనక చక్రాన్ని లేపి స్టాండు మీద నిలపండి. ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే ప్రొపెల్లర్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. కొనబోయే యాక్సిల్ క్రౌన్ (పెద్ద గేరు) పళ్లను పినియన్ (చిన్న గేరు) పళ్లతో భాగించి పోల్చండి: 41, 8 అయితే 5.125. క్రౌన్, పినియన్ జంటను మాత్రం విడదీయకండి.