ఆపేది టైరు, ఓర్చేది బ్రేకు: వేగవంతమైన కారుకు డిస్క్‌లు, ప్యాడ్‌ల ఎంపిక

రేసుల కోసం తయారైన బ్రేక్ ప్యాడ్‌లు వేసిన కారు, చలికాలపు ఉదయం ఇంటి గేటు దాటి మొదటి కూడలిలో ఆగాల్సి వస్తే, మామూలు కారు కంటే ఎక్కువ దూరం వెళ్లి ఆగవచ్చు. ఖరీదులో గానీ పేరులో గానీ ఆ ప్యాడ్‌లకు లోటు ఉండదు. అవి ఇంకా వేడెక్కలేదు, అంతే. అదే కారులో మామూలు ప్యాడ్‌లు ఉంచి రేస్ ట్రాక్ మీద వేగంగా నాలుగు చుట్లు తిప్పితే, అయిదో చుట్టులో పెడల్ ఎంత నొక్కినా పట్టు చిక్కకపోవచ్చు. ఈసారి కారణం అతిగా వేడెక్కడం. కాబట్టి డిస్క్‌లు, ప్యాడ్‌లు ఎంచుకునేటప్పుడు ‘ఏది అన్నింటికన్నా మంచిది’ అని అడిగితే సరైన జవాబు దొరకదు. ‘ఈ కారు బ్రేకులు ఎంత వేడిని, ఎన్నిసార్లు భరించాలి’ అని అడగాలి.

బ్రేకు వేస్తే ఏం జరుగుతుంది?

పరిగెత్తే కారులో గతిశక్తి ఉంటుంది. ఈ శక్తి వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపయితే శక్తి నాలుగు రెట్లవుతుంది. 1500 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే దాని గతిశక్తి సుమారు 5.8 లక్షల జౌళ్లు. దాదాపు 1.8 లీటర్ల నీటిని 25 డిగ్రీల సెల్సియస్ నుంచి మరిగే స్థాయికి తేవడానికి ఆ శక్తి చాలు. కారు ఆగినప్పుడు అదంతా మాయం కాదు. ప్యాడ్‌కు, డిస్క్‌కు మధ్య రాపిడి వల్ల వేడిగా మారుతుంది. గాలి ఆ వేడిని తీసుకుపోయేలోపు డిస్క్ దాన్ని తనలో దాచుకోవాలి.

బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకు ఒరుగుతుంది. అందుకే ఎక్కువ పని ముందు చక్రాల బ్రేకులే చేస్తాయి. ఆ వాటా 70 శాతం అనుకుందాం. ముందు డిస్క్‌లు ఒక్కొక్కటి 10 కిలోలు ఉంటే, ఒక కిలో పోత ఇనుము ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 480 జౌళ్లు కావాలి కనుక, 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి ఆపితే వాటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. నగరంలో, హైవే మీద ఇది పెద్ద భారం కాదు.

రేస్ ట్రాక్ మీద లెక్క వేరు. గ్రేటర్ నోయిడాలో 2011లో ప్రారంభమైన బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ పొడవు 5 కిలోమీటర్ల పైచిలుకు. అందులో సుమారు కిలోమీటరు పొడవైన తిన్నని దారి ఉంది. అలాంటి దారి చివర అదే కారు 200 కిలోమీటర్ల వేగం నుంచి 80కి తగ్గాలంటే 19 లక్షల జౌళ్లకు పైగా శక్తిని వదిలించుకోవాలి. ఆ ఒక్క బ్రేకుతోనే ముందు డిస్క్‌లు దాదాపు 140 డిగ్రీలు వేడెక్కుతాయి. ఈ పని మూడున్నర సెకన్లలో జరిగితే బ్రేకులు 550 కిలోవాట్ల సామర్థ్యంతో పనిచేసినట్టు లెక్క. కారు ఇంజన్ 300 హార్స్‌పవర్‌దే అయినా, ఆ కొద్ది క్షణాలు దాని బ్రేకులు 700 హార్స్‌పవర్ దాటి పనిచేస్తాయన్నమాట. డిస్క్ పూర్తిగా చల్లారకముందే తరువాతి మలుపు వచ్చేస్తుంది.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడూ ఇదే సూత్రం. ప్రతి 100 మీటర్ల ఎత్తు దిగినప్పుడు 1500 కిలోల కారు సుమారు 15 లక్షల జౌళ్ల స్థితిశక్తిని కోల్పోతుంది. తక్కువ గేరులో దిగితే ఆ భారంలో కొంత ఇంజన్ మోస్తుంది. న్యూట్రల్‌లో దిగితే దాదాపు మొత్తం బ్రేకుల మీదే పడుతుంది.

పెద్ద బ్రేకు కారును త్వరగా ఆపుతుందా?

చాలామందికి ఇక్కడే పొరపాటు జరుగుతుంది. కారును ఆపే బలం చివరికి టైరుకూ రోడ్డుకూ మధ్య పుడుతుంది. పొడి రోడ్డుపై మంచి టైరు ఘర్షణ గుణకం 1 అనుకుంటే, 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి కనీసం 39 మీటర్లు కావాలి. తడిసిన రోడ్డుపై గుణకం 0.6కు పడిపోతే ఆ దూరం 66 మీటర్లకు చేరుతుంది. డిస్క్ ఎంత పెద్దదైనా ఈ హద్దు దాటలేదు.

పెడల్ గట్టిగా నొక్కినప్పుడు ఏబీఎస్ పనిచేయడం మొదలైతే, ఉన్న బ్రేకులకే టైరు పట్టును మించే బలం ఉందని అర్థం. అప్పుడు ఆగే దూరం తగ్గించాలంటే ముందు చూడాల్సింది మంచి టైర్లు. పెద్ద డిస్క్‌ల వల్ల లాభం మొదటి బ్రేకులో కనిపించదు. వరుసగా పదో బ్రేకు కూడా మొదటి దానిలాగే పడుతుందా అన్న చోట కనిపిస్తుంది. 1953లో లే మాన్ 24 గంటల రేసును డన్‌లప్ డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ సీ-టైప్ గెలిచింది. వేడిని లోపలే పట్టి ఉంచే డ్రమ్ బ్రేకుల కంటే, గాలికి తెరుచుకుని ఉండే డిస్క్‌లు గంటల తరబడి ఒకే తీరుగా పనిచేయగలగడం ఆ కారుకు బాగా కలిసొచ్చింది.

డిస్క్ ఎంపిక

ఎక్కువ డిస్క్‌లు బూడిదరంగు పోత ఇనుముతో తయారవుతాయి. ఇందులోని గ్రాఫైట్ రేకులు వేడిని త్వరగా వ్యాపింపజేస్తాయి, కంపనాలను అణుస్తాయి. ధర కూడా తక్కువ. ముందు చక్రాలకు సాధారణంగా వెంటిలేటెడ్ డిస్క్‌లు వాడతారు. రెండు పలకల మధ్య రెక్కలుంటాయి. చక్రం తిరిగేటప్పుడు అవి నడిమి నుంచి గాలిని పీల్చి అంచుల గుండా బయటికి నెడతాయి.

రంధ్రాలున్న డిస్క్‌లు చూపులకు బాగుంటాయి. తడిలో నీటి పొర తొలగడానికి అవి కొంత సాయపడతాయి. కానీ రంధ్రం చేసిన మేర వేడిని దాచుకునే లోహం తగ్గుతుంది. పదే పదే వేడెక్కి చల్లారుతుంటే రంధ్రాల అంచుల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. గాడులున్న డిస్క్‌లలో ఈ ప్రమాదం తక్కువ. గాడులు ప్యాడ్ ముఖాన్ని గీకుతూ, దానిపై ఏర్పడే నున్నటి పొరను, వాయువులను తొలగిస్తాయి. బదులుగా శబ్దం పెరుగుతుంది, ప్యాడ్ కాస్త త్వరగా అరుగుతుంది. రోడ్డు మీద నడిపే కారుకు మంచి నాణ్యత గల సాదా వెంటిలేటెడ్ డిస్క్ సరిపోతుంది.

కార్బన్-సిరామిక్ డిస్క్‌లో కార్బన్ నారలు, సిలికాన్ కార్బైడ్ కలిసి ఉంటాయి. పోర్షే 2001లో 911 జీటీ2 కారుకు వీటిని అమర్చింది. ఇనుప డిస్క్‌తో పోలిస్తే బరువు దాదాపు సగం. తుప్పు సమస్య దాదాపు ఉండదు, వేడిని బాగా తట్టుకుంటుంది. కానీ ధర చాలా ఎక్కువ, ప్యాడ్‌లూ వీటికోసం తయారైనవే వాడాలి. ఫార్ములా వన్ కార్లలోని కార్బన్-కార్బన్ డిస్క్‌లు ఇంకో రకం. అగ్ని క్షిపణి వాతావరణంలోకి తిరిగి ప్రవేశించేటప్పుడు దాన్ని కాపాడే ఉష్ణకవచం కూడా కార్బన్-కార్బన్ మిశ్రమ పదార్థమే. ఈ డిస్క్‌లు కొన్ని వందల డిగ్రీలకు చేరితే గానీ సరిగా పట్టుకోవు. కాబట్టి రోడ్డు కారుకు పనికిరావు.

ప్యాడ్ ఎంపిక

ప్యాడ్ అంటే నారలు, లోహపు పొడులు, గ్రాఫైట్ వంటి కందెనలు, గరుకు రేణువులను రెసిన్ జిగురుతో కలిపి గట్టిపరచిన మిశ్రమం. వేడి హద్దు మీరితే ఆ రెసిన్ విచ్ఛిన్నమై వాయువులు విడుదల చేస్తుంది. ఘర్షణ గుణకం పడిపోతుంది. దీన్నే ‘ఫేడ్’ అంటారు. పెడల్ గట్టిగానే ఉంటుంది గానీ కారు ఆగదు.

ఆర్గానిక్ ప్యాడ్‌లు చల్లగా ఉన్నప్పుడే పట్టుకుంటాయి, శబ్దం చేయవు, కానీ త్వరగా ఫేడ్ అవుతాయి. సిరామిక్ ప్యాడ్‌లు తక్కువ ధూళితో, నిశ్శబ్దంగా రోజువారీ వాడకానికి బాగుంటాయి. సెమీ మెటాలిక్ ప్యాడ్‌లు ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. అయితే శబ్దం, ధూళి, డిస్క్ అరుగుదల ఎక్కువ. రేసు ప్యాడ్‌లు ఇంకా ఎక్కువ వేడిలో నిలుస్తాయి గానీ, చల్లగా ఉన్నప్పుడు వాటి పట్టు తక్కువ. వీధిలో ఓ పిల్లవాడు బంతి వెంట అడ్డుగా పరిగెత్తినప్పుడు డిస్క్ వేడెక్కేదాకా ఆగే వ్యవధి ఉండదు.

కొన్ని ప్యాడ్‌ల అంచున రెండు అక్షరాల గుర్తు ఉంటుంది. ‘ఈ’ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జీ’ అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం సాధారణ స్థితిలో, రెండోది వేడెక్కిన స్థితిలో ఉన్న గుణకాన్ని చెబుతుంది. ‘ఎఫ్‌ఎఫ్’ అంటే వేడెక్కినా పట్టు అదే శ్రేణిలో ఉందని, ‘ఎఫ్‌ఈ’ అంటే తగ్గిందని అర్థం. అయితే ఈ పరీక్ష సుమారు 340 డిగ్రీల వరకే జరుగుతుంది. ట్రాక్ మీద వాడాలంటే ప్యాడ్ ఏ ఉష్ణోగ్రతల మధ్య పనిచేస్తుందో తయారీదారు ఇచ్చే వివరాల్లో చూడాలి.

మరచిపోయే రెండు విషయాలు

మొదటిది బ్రేక్ ఆయిల్. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగదు. అందులో నీరు 3.7 శాతానికి చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు గానీ ఆవిరి కుంచించుకుపోతుంది. అందువల్ల పెడల్ నేలదాకా దిగిపోతుంది. ఖరీదైన ప్యాడ్‌లు వేసి పాత ఆయిల్ వదిలేస్తే పెట్టిన ఖర్చు వృథానే.

రెండోది ముందు, వెనుక బ్రేకుల సమతూకం. ముందు డిస్క్‌లను 300 మిల్లీమీటర్ల నుంచి 330కి పెంచితే, అదే నొక్కుడుకు ముందు చక్రాల మీద టార్క్ సుమారు పది శాతం పెరుగుతుంది. వెనుక బ్రేకులు అలాగే ఉండిపోతే, ముందు చక్రాలు తమ హద్దును తొందరగా చేరతాయి. ఆగే దూరం తగ్గడానికి బదులు పెరగవచ్చు. పైగా వాహనాల అసలు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. అందుకే అదే కొలత డిస్క్ ఉంచి, ప్యాడ్, ఆయిల్ మార్చడం మంచి తొలి అడుగు.

బిగించాక చేయాల్సింది

కొత్త ప్యాడ్, డిస్క్ కలిసి పనిచేయాలంటే ప్యాడ్ పదార్థం డిస్క్‌పై పల్చటి సమమైన పొరగా పరుచుకోవాలి. దీన్ని బెడ్డింగ్ అంటారు. ఖాళీగా, సురక్షితంగా ఉన్న చోట మోస్తరు వేగం నుంచి కొన్నిసార్లు వేగం తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా, చివరికి నెమ్మదిగా నడిపి చల్లార్చాలి. ఎన్నిసార్లు, ఏ వేగం నుంచి అన్నది తయారీదారు చెప్పినట్టే చేయాలి. బాగా వేడెక్కిన డిస్క్‌పై ప్యాడ్‌ను నొక్కి పట్టి కారును నిలిపితే ఆ చోట పదార్థం మందంగా అంటుకుంటుంది. తరువాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ అదురుతుంది. ‘డిస్క్ వంకర పోయింది’ అని వినిపించే చాలా ఫిర్యాదులకు ఈ ఎగుడుదిగుడు పొరే కారణం. డిస్క్ కనీస మందం దాని మీదే మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. అంతకంటే అరిగితే మార్చేయాలి.

రోజూ ఆఫీసుకు, అప్పుడప్పుడు ఘాట్ రోడ్డుకు వెళ్లే కారుకు సాదా వెంటిలేటెడ్ డిస్క్, నాణ్యమైన రోడ్డు ప్యాడ్, తాజా ఆయిల్ చాలు. ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్ ఎక్కే కారుకు రోడ్డుకూ ట్రాక్‌కూ పనికొచ్చే రకం ప్యాడ్ సరిపోతుంది. రేసు ప్యాడ్‌లు ట్రాక్ దగ్గర వేయించుకుని, ఇంటికి బయలుదేరే ముందు తీయించేయాలి.