ఓడలు పోయినా నిలిచిన ఊరు - భీమిలి

విశాఖపట్నం నుంచి సముద్రం ఒడ్డునే ఉత్తరంగా వెళ్తే, సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు వస్తుంది. దాని పేరు భీమునిపట్నం. జనం నోట్లో పడి అది భీమిలి అయింది. ఆదివారం వస్తే చాలు, పిల్లాపాపలతో జనం అక్కడికి వెళ్తారు. ఇసుకలో ఆడుకుంటారు. అలలు చూస్తారు.

భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని పెద్దలు చెబుతారు. అది కథ. ఇక చరిత్ర చూద్దాం.

రేవు ఎలా వచ్చింది?

గోస్తనీ నది అనంతగిరి కొండల్లో పుట్టింది. భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఏరు సముద్రంలో కలిసే చోట పడవలకు ఆసరా దొరుకుతుంది. అలా ఇక్కడ రేవు ఏర్పడింది.

సుమారు 350 ఏళ్ళ కిందట ఈ రేవుకు డచ్చివాళ్ళు వచ్చారు. వాళ్ళది హాలండు దేశం. వాళ్ళకు కావలసింది మన నూలు బట్టలు. అప్పుడు మిల్లులు లేవు. ఆడవాళ్ళు ఇళ్ళల్లో రాట్నం మీద నూలు వడికేవాళ్ళు. నేతగాళ్ళు బట్ట నేసేవాళ్ళు. ఆ బట్టలు ఓడలెక్కి దూరదేశాలకు పోయేవి.

భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి రాళ్ళ మీద పేర్లు, ఏళ్ళు చెక్కి ఉన్నాయి. ఎవరు ఎప్పుడు చనిపోయారో చదివి తెలుసుకోవచ్చు. నూలు వడికిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం అక్కడ ఏ రాతి మీదా లేవు.

తర్వాత ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. 1861లో ఇక్కడ మునిసిపాలిటీ పెట్టారు. మన దేశంలోని పాత మునిసిపాలిటీల్లో ఇది ఒకటి. ఇప్పుడు భీమిలి విశాఖ మహానగరంలో కలిసిపోయింది.

రేవు ఎలా పోయింది?

భీమిలిలో పెద్ద ఓడలు ఒడ్డు దాకా రాలేవు. దూరంగా ఆగేవి. సరుకును చిన్న పడవల మీద చేరవేయాలి. రైలు దారి కూడా ఈ ఊరి మీదుగా పోలేదు. 1933లో విశాఖపట్నంలో పెద్ద హార్బరు తెరిచారు. అక్కడ ఓడ గట్టు పక్కకే వచ్చి ఆగుతుంది. రైలు కూడా అక్కడిదాకా వస్తుంది. ఇక భీమిలికి ఎవరు వస్తారు? వ్యాపారం విశాఖకు మళ్ళింది.

ఓడలు పోయాయి. సముద్రం, ఇసుక, పాత మేడలు, దీపస్తంభం మిగిలాయి. వాటిని చూడడానికే ఇప్పుడు జనం వస్తున్నారు.

ఎర్రమట్టి దిబ్బలు

భీమిలికి వెళ్ళే దారిలోనే ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. వేల ఏళ్ళ పాటు గాలి ఇసుకను తెచ్చి పోసింది. ఆ ఇసుకలో ఇనుము ఉంది. కొడవలి తుప్పు పడితే ఎర్రబడుతుంది కదా! ఇసుక కూడా అలాగే ఎర్రబడింది. వాన నీళ్ళు దాన్ని కోసి లోతైన గండ్లు చేశాయి. ఇలాంటి దిబ్బలు చాలా అరుదు. అందుకే వీటిని దేశం కాపాడుకోవలసిన సంపదగా గుర్తించారు. అయినా తవ్వకాల వల్ల దిబ్బలు తగ్గిపోయాయి. తవ్వడానికి ఒక్క రోజు చాలు. మళ్ళీ పుట్టడానికి వేల ఏళ్ళు కావాలి.

ఎవరి బతుకు?

చూడవచ్చే జనం వల్ల ఊరికి నాలుగు డబ్బులు వస్తాయి. టీ కొట్టు నడుస్తుంది. ఆటో నడుస్తుంది. మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే ఆమెకు ఇల్లు గడుస్తుంది. మత్స్యకార ఆడవాళ్ళకు మాత్రం ఆ ఒడ్డు విహారానికి కాదు. చేపలు ఎండబెట్టేది అక్కడే. వలలు, పడవలు ఉండేది అక్కడే. ఒడ్డును చెత్తతో నింపితే, ఇసుకను ఎత్తుకుపోతే ముందు నష్టపోయేది వాళ్ళే. తర్వాత జనం కూడా రావడం మానేస్తారు.

ఒకసారి రేవు పోయింది. అప్పుడు ఊరిని ఒడ్డే నిలబెట్టింది. ఆ ఒడ్డు కూడా పోతే ఊరికి ఇంకేం మిగులుతుంది?

లెక్క కట్టండి, మాట్లాడుకోండి

1. భీమిలి మునిసిపాలిటీ ఏర్పడి ఇప్పటికి ఎన్ని ఏళ్ళయింది?
2. భీమిలి రేవు వ్యాపారం ఎందుకు తగ్గిపోయింది?
3. మీ ఊరికి బయటి జనం ఏం చూడడానికి వస్తారు? దాన్ని ఎవరు కాపాడుతున్నారు?
4. మీ ఊళ్ళో పాత రాతి మీద అక్షరాలు ఉన్నాయా? వెళ్ళి చదవండి.