పడవను రోడ్డుపై లాగుకొనిపోవునపుడు మోటారును నిలుపవలసిన విధము



మంజీరా నదీప్రాంతమున నివసించు మనకు పడవ క్రొత్త వస్తువు కాదు. సింగూరు జలాశయమునందు జాలరులు పుట్టిలమీదను తెప్పలమీదను చేపలు పట్టుచుండుట మనలో ననేకులు చూచియుందురు. కాని మోటారు పడవ సంగతి వేఱు. సముద్రము లేని మన జిల్లాకు అట్టి పడవ రావలెనన్న రోడ్డుమీదనే రావలెను. పూనానుండి మచిలీపట్టణమునకు బోవు 65వ జాతీయ రహదారి జహీరాబాదు, సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతముల మీదుగా హైదరాబాదు చేరుచున్నది. ఆ దారిలో లారీల రద్దీయు, కార్ఖానాలకు బోవు పనివారల మోటారు సైకిళ్లును ఎల్లప్పుడు నుండును. అట్టి దారిలో పడవను ట్రైలరుపై నెక్కించి లాగుకొని పోవుట చిన్న పని కాదు.

2020వ సంవత్సరము అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదున కుండపోతగా వాన కురిసి పెక్కు వాడలు మునిగిపోయినప్పుడు, పడవల సాయముననే యనేకులు ఇండ్లనుండి బయటికి రాగలిగిరి. ఆ వాడలలో ననేకములు రోడ్లు గలవియే గాని నది యొడ్డున నున్నవి కావు. పడవలు రోడ్డుమీదనే యచ్చటికి చేరవలసి వచ్చెను. అట్టి సమయమున దారిలోనే పడవ వెనుకపలక పగిలినను, మోటారు చెడినను, ఆపదలో నున్నవారి గతి యేమి? కావున ఈ విషయమును మనము కొంచెము శ్రద్ధతో నేర్చుకొనవలెను.

పడవ వెనుకపలకకు వెలుపల తగిలించెడి మోటారునకు ఔట్‌బోర్డు మోటారని పేరు. నార్వే దేశమున జన్మించి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్ అను యంత్రకారుడు 1909లో మిల్వాకీ నగరమున దీనిని అమ్మకమునకు బెట్టి వ్యాప్తిలోనికి దెచ్చెను. అతని మొదటి మోటారు ఒకటిన్నర గుఱ్ఱపు శక్తి గలది. బరువు సుమారు 28 కిలోలు. నేటి మోటారులలో ఒక మనిషి యెత్తగల చిన్నవియు గలవు, వందలకొలది కిలోలు తూగునవియు గలవు.

ఈ యంత్రమున మూడు భాగములను గుర్తింపవలెను. పైన ఇంజను, క్రింద పొడుగైన కాలు, కాలి చివర ప్రొపెల్లరును, దాని క్రింద దానిని కాపాడెడి చిన్న రెక్కయు. ఈ మొత్తము ఒక కీలుమీద నిలిచి, కాలు నీటిలోనికి దిగునట్లుగాని, వెనుకకు పైకి లేచునట్లుగాని అమర్పబడియుండును.

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. రోడ్డుమీద బోవునపుడు మోటారును నిలువుగా దించి యుంచవలెనా, లేక పైకెత్తి యుంచవలెనా?

నిలువుగా నుంచినచో ఒక లాభము గలదు. మోటారు బరువు వెనుకపలకపై తిన్నగా, అది నీటిలో మోయుటకు చేయబడిన రీతినే, పడును. అందున్న నీరు కూడ చక్కగా కారిపోవును. కాని యొక యపాయము గలదు. కాలి చివరి రెక్క నేలకు మిక్కిలి దగ్గఱగా నుండును. మన రోడ్లపై స్పీడు బ్రేకరులకు కొదువ లేదు గదా. ట్రైలరు చక్రము దిమ్మె దిగినప్పుడును, జలాశయపు గట్టునుండి యేటవాలుగా దిగునప్పుడును, వెనుకభాగము క్రిందికి వ్రాలి కాలు నేలను గొట్టుకొనును. అప్పుడు రెక్క విరుగుటయే గాక కీలును, వెనుకపలకయు దెబ్బతినును.

పైకెత్తి యుంచినచో నేల తగులదు. కాని వేఱొక యపాయము వచ్చును. దానిని తెలిసికొనుటకు మీరు తరగతిలో చదివిన తులాదండ సూత్రమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. గడ్డపారతో బండరాతిని పెల్లగించునపుడు పొడుగైన కొనను మనము కొంచెము బలముతో నొక్కగా, పొట్టి కొన మహాబలముతో రాతిని లేపును. పైకెత్తిన మోటారును నిలుపు కొండి కీలునకు మిక్కిలి దగ్గఱగా నుండును. మోటారు బరువు దానికంటె దూరమున పనిచేయును.

ఒక లెక్క వేయుదము. మోటారు బరువు 80 కిలోలనియు, ఆ బరువు కీలునుండి 20 సెంటీమీటర్ల దూరమున పనిచేయుచున్నదనియు, కొండి 5 సెంటీమీటర్ల దూరమున నున్నదనియు అనుకొందము. 80ని 20చే గుణించి 5చే భాగింపగా 320 వచ్చును. అనగా 80 కిలోల మోటారు చిన్న కొండిపై 320 కిలోల భారము మోపుచున్నది. బండి నిలిచియున్నప్పుడే యింత. గుంతలో పడి యెగిరిన ప్రతిసారియు నది యింకను హెచ్చును. ఆ బలమంతయు తుదకు వెనుకపలకకే చేరి, దానిని పదే పదే గుంజుచుండును.

దీనికి విరుగుడు అదే సూత్రమునందు గలదు. మోటారు కాలి క్రిందిభాగమునకును ట్రైలరు చట్రమునకును నడుమ ఒక గట్టి ఊతకోలను అమర్చవలెను. అది కీలునకు 80 సెంటీమీటర్ల దూరమున తగిలినచో, 80ని 20చే గుణించి 80చే భాగింపగా 20 కిలోల భారమే దానిపై పడును. పైగా గతుకుల దెబ్బలో పెద్దభాగము పడవ పలకకు గాక ట్రైలరునకు చేరును. కొండి పడవ నిలిచియున్నప్పుడు మోటారును పైకెత్తి యుంచుటకే గాని రోడ్డు ప్రయాణమునకు గాదని తయారుచేయువారు తమ సూచనల పుస్తకములలో హెచ్చరించుచుందురు.

కావున నియమ మిది: నేల తగులదని నిశ్చయముగా తెలిసినచో మోటారును నిలువుగా నుంచుడు. ఆ నిశ్చయము లేనిచో, కావలసినంత మాత్రమే పైకెత్తి ఊతకోలపై నిలుపుడు. ఊతకోల లేక పూర్తిగా పైకెత్తి పోవలదు. ఏ విధముగా నుంచినను, మోటారు కుడియెడమలకు ఊగకుండ త్రాటితోనో పట్టీతోనో బిగించుడు.

పడవను కూడ మరువరాదు. ముందుకొనకు గొలుసు, వెనుకభాగమున రెండువైపుల పట్టీలు వేసి పడవను ట్రైలరునకు కట్టవలెను. లేనిచో పడవయొక్కటి, ట్రైలరొక్కటి వేర్వేరుగా నెగిరిపడును. అప్పుడు ఊతకోలయే మోటారును పొడుచును.

బరువు పంపిణీ కూడ గమనింపవలెను. ట్రైలరు ముందుకొన బండి హుక్కుపై కొంత బరువు మోపవలెను. మొత్తము బరువులో నూటికి 5 మొదలు 10 వంతుల వఱకు ఉండుట సామాన్యముగా మంచిది. పడవయు ట్రైలరును కలిసి 600 కిలోలైనచో, హుక్కుపై 30 మొదలు 60 కిలోలుండవలెను. మోటారు వెనుకకొనను వ్రేలాడుచుండుటచే ముందుకొన తేలికయగును. అట్లు తేలికయైన ట్రైలరు వేగము హెచ్చినప్పుడు పామువలె మెలికలు తిరిగి, లాగెడి బండిని కూడ త్రోవ దప్పించును.

మోటారు చిన్నదైనచో దానిని విప్పి బండిలో పెట్టుకొనుటయే యన్నిటికంటె మేలు. అప్పుడు ఇంజను భాగము కాలికంటె ఎత్తుగా నుండవలెను. లేనిచో కాలిలో మిగిలిన నీరు ఇంజనులోనికి పాఱును. ఫోర్ స్ట్రోక్ మోటారును సూచనల పుస్తకమున చెప్పిన ప్రక్కకే పరుండబెట్టవలెను. లేనిచో నూనె చేరరాని చోట్లకు చేరును. పెట్రోలు గొట్టమును విప్పి, టాంకు మూత బిగించి, గాలియాడు చోట నుంచుడు.

తుదకు అన్నిటికంటె ముఖ్యమైన మాట. పైకెత్తిన మోటారు ప్రొపెల్లరు వెనుక వచ్చు మోటారు సైకిలు వాని రొమ్ముకో, ముఖమునకో సరిగా నెదురై యుండును. సంధ్యవేళ కార్ఖానానుండి అలసి యింటికి బోవు పనివాడు, బండి హఠాత్తుగా నాగినచో, ఆ రెక్కలపై పడగలడు. కావున ప్రొపెల్లరును విప్పివేయుడు. లేక మందమైన తొడుగు కప్పి ఎఱ్ఱగుడ్డ కట్టుడు. వెనుక దీపములు చక్కగా వెలుగుచున్నవో లేదో చూడుడు. మన వస్తువును కాపాడుకొనుట వివేకము. మన వెనుక వచ్చు పేరెఱుగని వానిని కాపాడుట ధర్మము.

బయలుదేరిన పిమ్మట కొంతదూరములో నొకసారి యాగి, పట్టీలను, మరలను, ఊతకోలను చేతితో తాకి చూడవలెను. పటాన్‌చెరువునుండి సంగారెడ్డి చేరులోగా నొక్కసారియైన నాగుటకు అయిదు నిమిషములు చాలును. కొద్దిపాటి పనులయందు నమ్మకముగా నుండవలెనని మనము ఉదయ ప్రార్థనలో వినుచుందుము గదా. బిగించిన యొక పట్టీ, నిలిపిన యొక కోల, కప్పిన యొక తొడుగు – ఇవి కొద్దిపాటి పనులే. కాని వరదలో నింటికప్పుపై నిలిచి పడవకొఱకు ఎదురుచూచు తల్లికి, బిడ్డకు, వానిని చేసినవాని శ్రద్ధయే ప్రాణాధారము.