కెమెరాను తాకకుండా ఫొటో తీయడం

ఈ పాఠం చదివిన తరువాత మీరు మీ డిజిటల్ కెమెరాకు తగిన రిమోట్‌ను ఎంచుకోగలుగుతారు.

ఢిల్లీలో ఐఐటీ పక్కనున్న జియా సరాయ్‌లో గది అద్దెకు తీసుకుని చదువుకునే విద్యార్థి, రాత్రిపూట సందును ఫొటో తీస్తున్నాడనుకోండి. వెలుతురు తక్కువ కనుక షట్టర్ 1 సెకను తెరిచి ఉంచాలి. ట్రైపాడ్‌పై ఉన్నా, వేలితో నొక్కితే కెమెరా కదిలి బొమ్మ మసకబారుతుంది.

చవక రిమోట్‌లలో రెండు రకాలు ఇవి:

1. పరారుణ రిమోట్: కెమెరాలోనే గ్రాహకం ఉండాలి. సాధారణంగా అది ముందువైపు ఉంటుంది. వెనుక నుండి నొక్కితే అందకపోవచ్చు.

2. రేడియో రిమోట్: విడి గ్రాహకాన్ని కెమెరా సాకెట్‌కు తగిలించాలి. ఎదురుగా నిలబడనక్కరలేదు.

సాకెట్‌లు అన్ని కెమెరాలకూ ఒకటి కావు. కెమెరా పుస్తకం చూడకుండా కొంటే డబ్బు వృథా. అంతవరకు సెల్ఫ్ టైమర్ వాడండి, ఖర్చు లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ కెమెరాకు ఏ రిమోట్ సరిపోతుంది? ఎందుకు?