బ్యాటరీ పక్కన ఒక మనిషి

డ్రోను గురించి నిన్ను అందరూ అడుగుతూనే ఉంటారు చెల్లీ. ఎకరానికి ఎంత తీసుకుంటావు, ఎంత ఎత్తున ఎగురుతుంది, కొబ్బరిచెట్టుకి కొట్టుకుంటే ఎలాగ అని. నేను ఇంకోటి అడుగుతాను. రాత్రిపూట ఆ బ్యాటరీలు ఎక్కడ ఛార్జింగు పెడుతున్నావు?

మన రామచంద్రపురం, ద్రాక్షారామం పక్క ఊళ్ళలో ఇళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ప్లగ్గు ఎక్కడుంటే బ్యాటరీ అక్కడే. ఆ ప్లగ్గేమో మంచం తలవైపునో, టీవీ పక్కనో ఉంటుంది. దగ్గర్లోనే ధాన్యం బస్తాలు, మడతపెట్టిన దుప్పట్లు, పిల్లల పుస్తకాలు. పగలంతా గట్ల మీద తిరిగొచ్చి, వంట చేసి, అందరూ పడుకున్నాక ఛార్జరు పెట్టి నడుం వాలుస్తావు. తెల్లారేసరికి బ్యాటరీలు నిండి ఉండాలి కదా మరి. నా బెంగంతా ఆ నిద్రపోయే వేళ గురించే.

ఈ డ్రోను ఆడవాళ్ళ చేతికి రావడం చిన్న విషయం కాదు. 2023 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధాని మహిళా సంఘాలకి డ్రోన్లు ఇస్తామన్నారు. ఆ నవంబరులోనే కేంద్ర మంత్రివర్గం 15,000 సంఘాల కోసం 1,261 కోట్ల రూపాయలతో ‘నమో డ్రోన్ దీదీ’ పథకానికి ఆమోదం తెలిపింది. ఖరీదులో 80 శాతం, 8 లక్షలకి మించకుండా రాయితీ. 15 రోజుల శిక్షణ. డ్రోనుతో పాటు నాలుగు అదనపు బ్యాటరీ సెట్లు, ఫాస్ట్ ఛార్జరు కూడా ఇస్తారు. ఎకరం పిచికారీ ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది, ఆ కాసేపటికే బ్యాటరీ కూడా నీరసపడుతుంది. రోజుకి ఇరవై ఎకరాలు చెయ్యాలంటే ఒకటి గాల్లో ఉండగా ఇంకోటి ఛార్జింగులో ఉండాల్సిందే. అంటే నీ పనిలో ఎగరేయడం ఒక సగం, ఛార్జింగు ఇంకో సగం. ఆ రెండో సగాన్ని ఎవరూ పనిగా లెక్కెయ్యరు. నువ్వూ లెక్కెయ్యట్లేదు.

సెల్‌ఫోను ఛార్జింగు పెట్టి పడుకోవట్లేదా అంటావేమో. ఫోను బ్యాటరీలో ఉండే శక్తి ఇంచుమించు 19 వాట్ అవర్లు. మందు చల్లే డ్రోన్లకి ఎక్కువగా వాడే ఆరు సెల్లుల 16,000 ఎంఏహెచ్ బ్యాటరీలో 355. పద్దెనిమిది ఫోన్ల శక్తి ఒక్క దాంట్లో ఉందన్నమాట. చాలా డ్రోన్లకి అలాంటివి రెండేసి. పైగా బరువు తగ్గాలని సెల్లుల్ని మెత్తని రేకు సంచుల్లో పెడతారు. లోపల రెండు పలకల మధ్య పల్చటి పొర, దాన్ని తడుపుతూ మండే గుణమున్న ద్రవం. ఛార్జింగు మితిమీరినా, దెబ్బ తగిలినా ఆ పొర దెబ్బతినొచ్చు. అప్పుడు పలకలు కలిసి వేడి పుడుతుంది, ఆ వేడి పక్క సెల్లుకి పాకుతుంది. అది మొదలయ్యాక ప్లగ్గు పీకేసినా ఆగదు.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంటి లోపల ఛార్జింగు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ రాత్రివేళ పేలి 80 ఏళ్ళ పెద్దాయన చనిపోయారు. రోజుల వ్యవధిలోనే విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ పేలి ఇంటాయన పోయారు, భార్యాపిల్లలు గాయపడ్డారు. అవి స్కూటరువి, నీవి డ్రోనువి. కానీ రెండూ లిథియంవే. రెండు ఇళ్ళలోనూ బ్యాటరీ మనుషులు పడుకున్న చోటే ఉంది, నిద్రలో ఎవరూ కనిపెట్టలేకపోయారు.

అందుకని ముందు చోటు మార్చు. వసారా చివర గచ్చు నేల మంచిది. వానజల్లు కొట్టకూడదు, పైన తాటాకు ఉండకూడదు. గడ్డిమేటు, కొబ్బరి డొక్కలు, పశువులపాక, వంటగ్యాసు, మందు డబ్బాలు, వీటన్నిటికీ ఎడంగా ఉండాలి. ఇంట్లోంచి బయటికొచ్చే దారిలో మాత్రం వద్దు. మంటొస్తే పిల్లలు పరిగెత్తాల్సింది ఆ దారినే. కొందరు జాగ్రత్త అనుకుని బ్యాటరీని ఇనప్పెట్టెలో పెట్టి మూతేస్తారు. లోపల పుట్టే వాయువుకి దారి లేకపోతే పెట్టే పేలుతుంది. కింద నాలుగు ఇటుకలు పేర్చి, పక్కన రెండు బకెట్ల పొడి ఇసుక పెట్టుకో. గోదారి ఇసుకకి మనకేం కొదవ.

పెద్ద ఫాస్ట్ ఛార్జరు 3,000 వాట్ల దాకా లాగుతుంది, అంటే 13 ఆంపియర్లు. ఫోను పెట్టే చిన్న ప్లగ్గు, సంతలో కొన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు దానికి ఆగవు. గీజరుకి పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్గు విడిగా వేయించు. ఎలక్ట్రీషియన్ అడిగే డబ్బు సంఘం ఖర్చులో రాయించు. అది నీ సొంత ఖర్చు కాదు.

ఇక ఛార్జరు తెర మీద అంకెలు. ఒక్కో సెల్లు నిండితే 4.2 వోల్టులు, ఆరు కలిపితే 25.2. చాలామంది ఆ మొత్తం చూసి సరిపెట్టేసుకుంటారు. మొత్తం సరిగ్గానే ఉండి, అందులో ఒక సెల్లు 4.3కి ఎక్కేసి, ఇంకోటి 4.1 దగ్గరే ఉండిపోవచ్చు. ప్రమాదం ఆ 4.3లో ఉంది. అందుకే సన్నతీగల బ్యాలెన్స్ కనెక్టరు ప్రతిసారీ పెట్టాలి, సెల్లు సెల్లుకీ అంకె చూడాలి. కరెంటు ఎంత పెట్టాలో బ్యాటరీ మీదే ఉంటుంది. తెలియకపోతే 16,000 ఎంఏహెచ్ దానికి 16 ఆంపియర్లు దాటకు. ఏదైనా ఒక సెల్లు ప్రతిసారీ మిగతావాటికన్నా వెనకబడుతోందంటే ఆ బ్యాటరీని పక్కనపెట్టు.

గాజుల సంగతి శిక్షణలో చెప్పారో లేదో, నేను చెప్తాను. నువ్వు బ్యాటరీ మీదికి వంగి ఎర్రతీగ, నల్లతీగ కలుపుతున్నప్పుడు మెడలో పుస్తెలతాడు ముందుకు వేలాడుతుంది. చేతికి బంగారు గాజులో, మెటల్ గాజులో ఉంటాయి. రెండు కొనలకీ ఒకేసారి లోహం తగిలిందా, క్షణంలో ఎర్రగా కాలి చర్మానికి అంటుకుంటుంది. తాడు జాకెట్టు లోపలికి దోపుకో, గాజులు తీసి డబ్బాలో పెట్టు, కొంగు నడుముకి బిగించు. మందు చల్లిన తడిచేత్తో కనెక్టరు ముట్టుకోకు. పొడిగుడ్డతో తుడిచాకే పెట్టు.

డ్రోను దిగగానే బ్యాటరీ చురుక్కుమంటుంది. 45 డిగ్రీలకి పైన ఉన్నప్పుడు ఛార్జింగు పెట్టకూడదు. గట్టు మీద చెట్టునీడన వదిలెయ్, అరచెయ్యి ఆనిస్తే వేడి తెలియనప్పుడు పెట్టు. రైతు తొందరపెడతాడు, దోమపోటు వచ్చిన చేను ఆగదంటాడు. నిజమే, ఆగదు. అందుకే అదనపు సెట్లు ఇచ్చింది.

సార్వా అయ్యి దాళ్వా మొదలయ్యేలోపు పని ఉండదు కదా, అప్పుడు బ్యాటరీల్ని నిండుగా నింపి అటకెక్కించకు. నిండుగా ఉంటే లోపల త్వరగా పాడవుతాయి, ఉబ్బుతాయి. ఛార్జరులో స్టోరేజ్ అని ఉంటుంది. అది సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర ఆపుతుంది. నెలకోసారి చూసుకో. అటక మీద వేసవి వేడి ఎంతుంటుందో నీకు తెలుసు, చల్లటి మూల చూడు.

ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే చాలామంది నొక్కి చూస్తారు, టేపు చుట్టేస్తారు. సూదితో గాలి తీసేవాళ్ళూ ఉన్నారు. అమ్మో, ఆ పని ఎప్పుడూ చెయ్యకు. బయట నీడలో, ఇసుక మీద పెట్టి డీలరుకి కబురు చెయ్యి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు తిరిగి సేకరించే బాధ్యత తయారీదారుదే. పాతసామాన్లవాడికి వెయ్యకు, కాలవలో పారెయ్యకు.

గోళ్ళరంగు చెరిపే మందులాంటి తియ్యటి వాసన వచ్చినా, బుస్సుమన్నా, తెల్లటి పొగ లేచినా చేతిలోకి తీసుకోకు. పిల్లల్నీ ముసలివాళ్ళనీ బయటికి పంపు, మెయిన్ కట్టెయ్, 101కి ఫోన్ చెయ్యి. ఆ పొగ విషం, పీల్చకు. దగ్గరికి వెళ్ళగలిగితే ఇసుక పొయ్యి. కరెంటు ఆగిందని రూఢి అయ్యాక దూరం నుంచి ఆపకుండా నీళ్ళు కొట్టు. బ్యాటరీ చల్లబడాలంటే బిందెడు నీళ్ళు చాలవు. మంట ఆరిందని లోపలికి తేకు, గంటల తరవాత కూడా మళ్ళీ రాజుకుంటుంది.

ఇంత చూసుకోవాలంటే మెలకువగా ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి ప్రతిసారీ నువ్వే కానక్కర్లేదు. నీకు తోడుగా ఇంట్లోవాళ్ళలో ఒకరికి డ్రోను సహాయకుడిగా శిక్షణ ఇచ్చే ఏర్పాటు పథకంలోనే ఉంది. మీ ఆయనో, మరిదో, ఎవరు నేర్చుకుంటే వాళ్ళ చేత సాయంత్రం పూట, బ్యాటరీలు చల్లారాక, రాత్రి భోజనాల లోపే ఛార్జింగు పూర్తి చేయించెయ్యి. పడుకునే వేళకి ప్లగ్గులన్నీ బయటికి రావాలి. వచ్చే సంఘం మీటింగులో డ్రోను పుస్తకం తెరిపించు. ఎన్ని ఎకరాలు చేశావో రాసే గళ్ళ పక్కన ఛార్జింగు గంటలకి కూడా ఒక గడి గీయించు, ఆ గంటల కూలి ఎకరం రేటులో కలిపించు. దానివల్ల రేటు కాస్త పెరిగినా, పొద్దున్న రెండెకరాలు ఆలస్యమైనా ఫరవాలేదు. అడిగిన రైతుకి ఎందుకో చెప్పు.