దైవశాస్త్రం గురువులకేనా?



గత నెలలో ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన తరువాత నేనొక ప్రకటన చేశాను. ప్రతి శుక్రవారం సాయంత్రం అరగంటసేపు కూర్చుని, విశ్వాస సంగ్రహాన్ని ఒక్కొక్క మాట చొప్పున నేర్చుకుందాం రండి అని పిలిచాను. గుడి బయటకు రాగానే ఒక పెద్దాయన నన్ను ఆపారు. "ఫాదర్ గారూ, మీరేమీ అనుకోకండి. ఆ దైవశాస్త్రం చదువుకున్న గురువులకు, సిస్టర్లకు గదా! మేము పొద్దస్తమానం పొలంలో ఉండేవాళ్ళం. జపమాల చెప్పుకుంటాం, పూజకు వస్తాం. మాకది చాలదా?" అన్నారు.

ఆయన ప్రశ్నలో వినయం ఉంది, న్యాయం కూడా ఉంది. ఆ రోజు నవ్వి, "ఒక్కసారి వచ్చి చూడండి" అని పంపేశాను. కాని అది జవాబు కాదు. ఆయనకూ, ఆయనలాగే ఆలోచించే మీలో చాలామందికీ నేను జవాబు బాకీపడ్డాను. ఈ వారం ఆ బాకీ తీర్చుకుంటాను.

1. మనమందరం దైవశాస్త్రం మాట్లాడేవాళ్ళమే

దైవశాస్త్రం అనగానే లావుపాటి పుస్తకాలు, నోరు తిరగని లతీను మాటలు గుర్తుకొస్తాయి. కాని 1033లో పుట్టిన పునీత అన్సెల్ము గారు దానిని ఎంతో సులభంగా వివరించారు. తాను నమ్మినదానిని అర్థం చేసుకోవాలని విశ్వాసం పడే తపనే దైవశాస్త్రం అని ఆయన భావం. ముందు విశ్వాసం, ఆ తరువాత దాని అర్థం కోసం వెదకులాట. ప్రేమించినవారిని గురించి ఇంకా తెలుసుకోవాలనుకోవడం సహజమే గదా!

ఇంకొక సంగతి గమనించండి. పంట పోయినప్పుడు "దేవుడు శిక్షించాడు" అంటాం. కొడుకు పరీక్ష పాసయితే "మొక్కు చెల్లించాను గనుక దేవుడు చేశాడు" అంటాం. పసిబిడ్డ చనిపోయిన ఇంటికి వెళ్ళి "దేవుడికి ఇష్టమైన పువ్వును కోసుకున్నాడు" అంటాం. ఈ మాటలన్నీ దైవశాస్త్రమే. ప్రతి మాటా దేవుడు ఎలాంటివాడో చెబుతోంది. దేవుడు పగబట్టేవాడా? లంచం పుచ్చుకునేవాడా? తల్లి ఒడిలోని బిడ్డను తన తోటకోసం కోసుకునేవాడా?

కాబట్టి, "మాకు దైవశాస్త్రం వద్దు" అని ఎవరూ అనలేరు. మన దగ్గర అది ఎప్పుడో ఉంది. మన దగ్గరున్నది మంచిదా, చెడ్డదా అన్నదే అసలు ప్రశ్న. చెడ్డ దైవశాస్త్రం మంచి రోజుల్లో ఎవరికీ అపకారం చేసినట్టు కనపడదు. కష్టం వచ్చిన రోజున మాత్రం అది మనిషిని విరిచేస్తుంది. ఇది నేను పుస్తకంలో చదివిన మాట కాదు, కళ్ళారా చూసినది.

2. అరుగు మీద విన్న పాఠం

చాలా ఏళ్ళ కిందట, నేను గురుపట్టం పొందిన కొత్తలో, ఒక ఉపవిచారణలో ఎనిమిదేళ్ళ బాలుడు పచ్చకామెర్లతో మరణించాడు. సమాధి చేసిన కొద్ది రోజులకు ఆ తల్లి ఒక ప్రార్థన కూటానికి వెళ్ళింది. అక్కడ ఎవరో, "నీ విశ్వాసం సరిగా ఉంటే బిడ్డ బతికేవాడు" అన్నారట. ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. పూజకు రావడం మానేసింది. ఇంట్లో జపమాల కూడా ఆగిపోయింది.

ఓదార్చడానికి వెళ్ళాను. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి గదా, నేర్చుకున్నదంతా చెప్పాను. చెడు అనేది దానంతట అదిగా ఉండే వస్తువు కాదని, మంచి లోపించడమే చెడు అని, దేవుడు చెడును అనుమతించేది మరింత గొప్ప మేలుకోసమని వివరించాను. నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. పునీత అగస్తీను గారు చెప్పినదే అది. ఆమె తలవంచుకుని విన్నది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "పెద్ద చదువులు చదివారు ఫాదర్ గారూ" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె అడగని ప్రశ్నకు నేను జవాబు చెప్పాను.

మరుసటి వారం మా ఉపదేశి గారిని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. ఆయన ఐదో తరగతి దాకా చదివిన ముసలాయన. అరుగు మీద కూర్చుని సంచిలోంచి పవిత్ర గ్రంథం తీశారు. యోహాను సువార్త 9వ అధ్యాయం తెరిచి, పుట్టుగుడ్డివాని కథ చదివి వినిపించారు.

"విన్నావు గదా తల్లీ? ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడిగారు. ఇతని పాపమూ కాదు, కన్నవాళ్ళ పాపమూ కాదని ప్రభువే చెప్పారు. ప్రభువే తప్పు పట్టకపోతే, నీ తప్పు అనడానికి వాళ్ళెవరమ్మా?"

తరువాత 11వ అధ్యాయం తీశారు. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీరు కార్చిన చోట ఆగి, సత్యోపదేశం తరగతిలో పిల్లలను అడిగినట్టే ఆమెను అడిగారు.

"ఇక్కడ ఏడ్చింది ఎవరు తల్లీ?"

"యేసు ప్రభువు."

"యేసు ప్రభువు ఎవరు?"

"దేవుడు."

"మరి ఏడ్చింది ఎవరు?"

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "దేవుడే ఏడ్చాడా తాతా?" అని అడిగి, అప్పుడు తానూ ఏడ్చింది. బిడ్డ పోయినప్పటినుంచి ఆమె అంతగా ఏడవడం అదే మొదటిసారి అని ఆమె అత్తగారు నాతో అన్నారు.

ఆమె దుఃఖం ఆ రోజుతో పోలేదు. అలా పోయేది కాదు కూడా. కాని వచ్చే ఆదివారం ఆమె పూజకు వచ్చింది. కొన్ని నెలల తరువాత ఆ ఇంట్లో పవిత్ర గ్రంథం చూశాను. యోహాను సువార్త 11వ అధ్యాయం దగ్గర మ్రానికొమ్మల ఆదివారం నాటి ఈతాకు ముక్క గుర్తుగా పెట్టి ఉంది.

3. ఆ ముసలాయనకు ఆ జవాబు ఎక్కడిది?

ఆ ఉపదేశి గారి మూడు ప్రశ్నల వెనుక 1700 ఏళ్ళ చరిత్ర ఉంది. 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా పట్టణంలో అరియసు అనే గురువు ఉండేవాడు. క్రీస్తు గొప్పవాడే, కాని తండ్రితో సమానుడైన దేవుడు కాడు, దేవుడు సృష్టించిన వారిలో మొదటివాడు అని బోధించాడు. వినడానికి అది తెలివైన మాటలాగే ఉంది. శ్రీసభ రెండుగా చీలే పరిస్థితి వచ్చింది. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి పిలుపుపై నైసియాలో పీఠాధిపతులు మహాసభగా సమావేశమయ్యారు. ఆ ఊరు నేటి టర్కీ దేశంలో ఉంది. పుత్రుడు సృష్టింపబడినవాడు కాడని, తండ్రికీ పుత్రునికీ ఒకే దైవ స్వభావం అని ఆ మహాసభ ప్రకటించింది. 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ పవిత్రాత్మను గురించిన మాటలను విస్తరించింది. ఆదివారం పూజలో మనం చెప్పే విశ్వాస సంగ్రహం అలా మనకు అందింది.

ఇది పండితుల మాటల తగాదా అనిపించవచ్చు. కాని ఒక్కసారి ఆలోచించండి. అరియసు చెప్పిందే నిజమైతే, లాజరు సమాధి దగ్గర ఏడ్చింది దేవుడు కాదు, దేవుడు పంపిన ఒక సేవకుడు. సిలువ మీద మనకోసం ప్రాణమిచ్చింది కూడా సేవకుడే. దేవుడు మాత్రం దూరంగానే ఉండిపోయాడు. అప్పుడు ఆ అరుగు మీద ఉపదేశి గారు అడిగిన మూడో ప్రశ్నకు జవాబే ఉండేది కాదు. దేవుడే మన శరీరం ధరించి మన కన్నీరు కార్చాడు అన్న సత్యం నైసియా పీఠాధిపతులు కాపాడారు. ఎక్కడో నైసియాలో కాపాడిన ఆ సత్యం ఒక తెలుగు పల్లెలో ఒక తల్లిని నిలబెట్టింది.

ఇంకొక విషయం కూడా తెలుసుకోండి. మహాసభ ముగియగానే గొడవ ముగియలేదు. తరువాత చక్రవర్తుల ఒత్తిడికి ఎందరో పీఠాధిపతులు లొంగిపోయారు. సత్యంకోసం నిలిచిన పునీత అతనాసియుసు గారు 5 సార్లు తన పీఠంనుండి వెళ్ళగొట్టబడ్డారు. ఆ కష్టకాలంలో విశ్వాసాన్ని ఎక్కువగా నిలబెట్టింది సామాన్య విశ్వాసులే అని ఇంగ్లండుకు చెందిన జాన్ హెన్రీ న్యూమన్ గారు 1859లో ఒక వ్యాసంలో చూపించారు. ఆ న్యూమన్ గారినే శ్రీసభ 2019లో పునీతునిగా, 2025లో శ్రీసభ పండితునిగా ప్రకటించింది.

అరియసు తన బోధను నావికులు, పిండి విసిరేవారు, బాటసారులు పాడుకొనే పాటలుగా కట్టాడని ఒక పాత చరిత్రకారుడు రాశాడు. ఈనాడు పాటలు, ప్రసంగాలు చేతిలోని ఫోనులోకే వస్తున్నాయి. రాగం బాగుంటే చాలు, అర్థం చూడకుండా పిల్లలకు నేర్పేస్తున్నాం. ఆ పాట చెప్పే దేవుడు మన విశ్వాస సంగ్రహం చెప్పే దేవుడేనా అని ఇంట్లో ఎవరో ఒకరు అడగగలగాలి గదా!

4. చదివితే భక్తి తగ్గుతుందా?

కొందరి భయం ఇది. దీనికి ఇద్దరు పునీతుల జీవితాలే సమాధానం.

పునీత తోమాసు అక్వినాసు గారిని మించిన దైవశాస్త్ర పండితుడు అరుదు. మన ఆరాధనలో దివ్యసత్ప్రసాదం ముందు పాడే లతీను గీతాలు ఆయన రచించినవే అని సంప్రదాయం చెబుతోంది. 1273 డిసెంబరులో ఒకరోజు దివ్యబలిపూజ చేస్తుండగా ఆయనకు గొప్ప దైవానుభవం కలిగింది. ఆపైన రాయడం ఆపేశారు. తాను చూసినదానితో పోలిస్తే రాసినదంతా గడ్డిపరకలాగ ఉందని తోటి మఠవాసితో చెప్పారట. ఆయన చదువు ఆయనను మోకాళ్ళ మీదికే తీసుకువెళ్ళింది.

ఇక పునీత చిన్న తెరేజమ్మ గారు. ఏ విశ్వవిద్యాలయం మెట్లూ ఎక్కలేదు. 15 ఏళ్ళకు మఠంలో చేరి, 1897లో 24 ఏళ్ళకే కన్నుమూశారు. అయినా ఆమె సువిశేషాన్ని ఎంతగా ధ్యానించి అర్థం చేసుకున్నారంటే, 1997లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆమెను శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. పట్టా లేనివారు కూడా దేవుని గురించి సత్యంగా తెలుసుకోగలరు, బోధించగలరు.

మన తెలుగువారికీ ఇది కొత్త కాదు. 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రైస్తవ సత్యాలను తెలుగు పద్యాలలో చెప్పి 'వేదాంత రసాయనము' అనే కావ్యం రచించారు.

5. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ పొలం పనులు, పిల్లల బడులు, ఉద్యోగాలు నాకు తెలుసు. అందుచేత నాలుగు చిన్న పనులు మాత్రమే చెబుతాను.

మొదటిది: విశ్వాస సంగ్రహంలో వారానికి ఒక్క మాట తీసుకోండి. రాత్రి భోజనం దగ్గర "దీని అర్థం ఏమిటి?" అని ఒకరినొకరు అడగండి. చిన్నవాళ్ళను ముందు మాట్లాడనివ్వండి.

రెండవది: ఆదివారం సువిశేష పఠనాన్ని శనివారం రాత్రే ఇంట్లో చదవండి. మరునాడు ప్రసంగం వినే తీరే మారిపోతుంది.

మూడవది: ఇంట్లో ఒక ప్రశ్నల పుస్తకం పెట్టండి. తెలియనిది రాసుకుని మీ విచారణ గురువులను అడగండి. అపోస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఇతియోపియా అధికారి, వివరించేవారు లేకుండా నాకెలా తెలుస్తుందని ఫిలిప్పును సిగ్గుపడకుండా అడిగాడు. ఆ రోజే జ్ఞానస్నానం పొంది సంతోషంగా వెళ్ళాడు. మీరు అడిగితే మేము కూడా చదువుకుంటాం. నిజం చెప్పాలంటే మాకూ అది అవసరమే!

నాలుగవది: 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2865 పేరాల పెద్ద గ్రంథం. విశ్వాసం, దివ్య సంస్కారాలు, క్రైస్తవ జీవితం, ప్రార్థన అని నాలుగు భాగాలు. దాని సంక్షిప్త రూపం 2005లో 598 ప్రశ్నలు, జవాబులుగా వచ్చింది. రోజుకు ఒక ప్రశ్న చొప్పున చదివితే రెండేళ్ళలోపే పూర్తవుతుంది.

ఒక్క హెచ్చరిక. ఇదంతా పక్కింటివారితో వాదించి గెలవడానికి కాదు. మన నిరీక్షణకు కారణం అడిగినవారికి సిద్ధంగా జవాబు చెప్పమన్న పునీత పేతురు గారు (1 పేతురు 3:15), ఆ వెంటనే సాత్వికంగా, గౌరవంగా చెప్పమని కూడా అన్నారు.

ప్రియ విశ్వాసులారా, దుఃఖంలో ఉన్న తల్లి ఎప్పుడూ ఫాదర్ గారి దగ్గరకే రాదు. మీ అరుగు మీదికే వస్తుంది, మీతోనే బావి దగ్గర మాట్లాడుతుంది. అప్పుడు మీ నోటినుండి ఏ దేవుడు బయటికి వస్తాడు? శిక్షించడానికి కాచుకున్నవాడా, కన్నీరు కార్చిన ప్రభువా? ఆ రోజుకోసం ఈ రోజునుండే కొంచెం నేర్చుకుందాం. ఆ పెద్దాయనకు కూడా ఇదే నా జవాబు. శుక్రవారం సాయంత్రం ఆయనకోసం ముందు వరుసలో చాప వేసి ఉంచుతాను.

ఇంట్లో మాట్లాడుకోవడానికి:

1. కష్టం వచ్చినప్పుడు మన ఇంట్లో దేవుని గురించి ఏ మాటలు అంటాం? అవి సువిశేషానికి సరిపోతున్నాయా?

2. యేసు ప్రభువు నిజంగా దేవుడు కాకపోతే సిలువకు ఏమి విలువ ఉంటుంది?

3. ఈ వారం మనం విచారణ గురువులను అడగదలచిన ఒక ప్రశ్న ఏది?

పిత, పుత్ర, పవిత్రాత్మ సర్వేశ్వరుడు మీ కుటుంబాలను దీవించి, తమ సత్యపు వెలుగులో నడిపించుదురుగాక! ఆమెన్.